ఘనస్వాగతం: షరతులు వర్తించును

పల్నాట జైలు నుంచి ఇంటికి రావడం రెండు రకాలు.

మొదటిది బెయిల్ మీద వచ్చే నాయకుడి రాక. ఈ సంగతి ముందురోజే తెలిసిపోతుంది. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ప్రతి కరెంటు స్తంభానికీ ఆయన నవ్వు వేలాడుతూ ఉంటుంది. ఫ్లెక్సీలో ఒక పక్క సింహం, ఒక పక్క ఆయన, కింద పాస్‌పోర్టు సైజులో పాతికమంది అభిమానులు. జైలు గేటు దగ్గర మొదలైన కార్ల వరుస పిడుగురాళ్ళ చేరేసరికి తల ఎక్కడుందో తోక ఎక్కడుందో తెలియదు. క్రేనుకు కట్టిన గజమాల, జేసీబీ తొట్టిలోంచి బంతిపూలు, డీజే మోత, నెత్తిన డ్రోను. ఆయన కారు పైకప్పులోంచి నడుం దాకా బయటికొచ్చి దణ్ణం పెడతాడు. "ధర్మం గెలిచింది" అంటాడు. కేసు ఇంకా విచారణకే రాలేదు. ధర్మం మాత్రం తొందరపడి ముందే గెలిచేసింది.

రెండోది శిక్ష మొత్తం అనుభవించి వచ్చే కూలోడి రాక. రాజమండ్రిలోనో నెల్లూరులోనో సెంట్రల్ జైలు గేటు దాటుతాడు. చేతిలో బట్టల సంచి, జేబులో దారి ఖర్చుల డబ్బులు, నాలుగు మడతలు పెట్టిన విడుదల కాగితం. సొంత ఊరి బస్సు సిద్ధంగా ఉన్నా ఎక్కడు. చీకటి పడ్డాక వెళ్ళే బస్సు కోసం చూస్తాడు. పగటిపూట దిగితే రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పుతారు. ఇంటికెళ్ళి తలుపు కొడితే లోపల్నించి ముందు అడిగే మాట "ఎవురది?" తర్వాత అడిగే మాట "ఎన్నాళ్ళుంటావు?"

ఈ ఇద్దరిలో చట్టం దగ్గర లెక్క తేల్చుకున్నవాడు రెండోవాడు. మొదటాయన లెక్క ఇంకా తెరిచే ఉంది. కానీ పల్నాటి శిక్షాస్మృతి వేరు. దాని ప్రకారం కేసు తేలనివాడికి గజమాల, శిక్ష తీరినవాడికి తలుపు గడియ. భారతీయ న్యాయ సంహితలో ఈ సెక్షను కనబడదు. ఊరి నోట్లో మాత్రం కంఠతా ఉంది.

మనం అన్యాయం చేస్తున్నామని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మనం ఎవరినీ తరమలేదు. రాయి విసరలేదు. పెద్దమనుషుల్లా మర్యాదగా, నవ్వుతూ, ఒక్కొక్క తలుపే వేశామంతే.

ఇల్లు అద్దెకడిగితే చూడండి.

"ఏం బాబాయ్, పైన గది ఖాళీగా ఉందంట?"

"ఖాళీనే అబ్బాయ్. ఇన్నాళ్ళూ యాడున్నావు?"

"రాజమండ్రిలో."

"అబ్బో, గోదారి నీళ్ళు తాగొచ్చావన్నమాట. ఏం పని అక్కడ?"

"వడ్రంగం బాబాయ్. సెంట్రల్ జైల్లో నేర్చుకున్నా."

"అయ్యో, చెప్పడం మర్చిపోయా. మా అల్లుడు నిన్ననే ఎవురికో మాటిచ్చాడంట ఆ గది."

బాబాయ్‌కి కూతుళ్ళు లేరు. అల్లుడు మాత్రం అవసరానికి పుట్టుకొస్తాడు.

పనికెళ్తే ఇంకా మర్యాద. సున్నపు బట్టీ ఓనరు అంటాడు: "నాకేం పట్టింపు లేదబ్బాయ్, కూలోళ్ళు ఒప్పుకోరు." కూలోళ్ళనడిగితే, "మాకేముంది మావా, ఓనరు ఒప్పుకోడు." నాపరాయి క్వారీ మేస్త్రీ "పండగ తర్వాత రా" అంటాడు. ఏ పండగో చెప్పడు. మిరప కళ్ళంలో రాత్రి కాపలాకి మనిషి కావాలంటారు గానీ, "కాయలకి కాపలా పెట్టాలి గానీ కాపలావాడికి కాపలా పెట్టుకుంటామా" అని నవ్వుతారు. వాడి మీదున్నది గొడవ కేసే, దొంగతనం కాదు. అయితేనేం? జైలంటే మనకి ఒకటే. తల పగలగొట్టినవాడూ, తప్పుడు చెక్కు ఇచ్చినవాడూ, పక్కన నిలబడ్డాడని సాక్షి చెబితే ఇరుక్కున్నవాడూ అందరూ ఒకే గాటన కట్టిన 'జైలుకెళ్ళొచ్చినోళ్ళు.'

ఈ గాటన పడేవాళ్ళెవరో ఒకసారి లెక్క చూద్దాం. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి డెబ్బై ఆరుగురికి ఇంకా ఏ కోర్టూ శిక్ష వేయలేదు. వాళ్ళలో రేపు నిర్దోషిగా తేలి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళు తీర్పు కాపీ పటం కట్టించి గోడకి తగిలించుకున్నా సరే, టీకొట్టు దగ్గర తీర్పు మారదు. "నిప్పు లేందే పొగ రాదు" అనే సామెత మన దగ్గరుంది. దాని ముందు హైకోర్టు ఎంత, సుప్రీంకోర్టు ఎంత!

ఆడపిల్ల ఉంటే అది ఇంకో ముచ్చట. సంబంధం మాట్లాడ్డానికొచ్చినవాళ్ళు కాఫీ తాగి, పిల్ల చదువు మెచ్చుకుని, జాతకాలు బాగా కుదిరాయని చెప్పి వెళ్తారు. మర్నాడు ఫోన్లో "ముహూర్తాలు లేవు" అంటారు. తండ్రికి కోర్టు ఏడేళ్ళు వేసింది. కూతురికి ఊరు యావజ్జీవం వేసింది.

సరే, జనం చదువుకోనివాళ్ళు. ప్రభుత్వం చదువుకున్నది కదా, దాని సంగతి చూద్దాం.

జైలు గోడల లోపల మన సర్కారు మహా దయామయి. ఖైదీకి వడ్రంగం నేర్పుతుంది, మగ్గం నేర్పుతుంది, రొట్టెలు కాల్చడం నేర్పుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జైళ్ళ శాఖలు పెట్రోలు బంకులు నడుపుతున్నాయి. అక్కడ ఖైదీలు పెట్రోలు పోస్తారు. "జైలు బంకులో అయితే కల్తీ ఉండదు, కొలత తగ్గదు" అని ఊరూరా చెప్పుకుంటూ కావాలని అక్కడికే బండి తిప్పే పెద్దమనుషులున్నారు. అంటే ఖైదీ బట్టల్లో ఉన్నంతకాలం వాడంత నమ్మకస్తుడు ఈ లోకంలో లేడు. ఆ బట్టలు విప్పి మామూలు చొక్కా తొడుక్కున్న రోజు నుంచీ వాడి చేతికి పది రూపాయలివ్వాలన్నా భయం. ఇది చొక్కా మహిమ. తెలంగాణ జైళ్ళ శాఖ విడుదలైనవాళ్ళలో కొందరికి ఆ బంకుల్లోనే ఉద్యోగాలిచ్చింది. మంచిపని. బయటి బంకు ఓనరు ఒక్కడైనా ఆ దారి పట్టి ఉంటే ఇంకా మంచిపని అయ్యేది.

జైలంటే మనకి అసహ్యం అనుకోవద్దు. సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలును మ్యూజియం చేసి, 2016లో "ఒక రోజు జైల్లో ఉండండి" అనే పథకం పెట్టారు. అప్పుడు రుసుము 500 రూపాయలు. ఖద్దరు బట్టలు వేసుకుని, సొట్టలు పడ్డ పళ్ళెంలో తిని, సెల్ఫీ దిగి వచ్చేవాళ్ళు. డబ్బు కట్టి ఒక రోజు ఉండొచ్చినవాడు ఫేస్‌బుక్కులో వీరుడు. డబ్బు లేక పూచీకత్తు పెట్టలేక ఏళ్ళ తరబడి ఉండొచ్చినవాడు ఊళ్ళో అంటరానివాడు. జైలుకెళ్ళడంలో తప్పు లేదు, టికెట్టు కొనకుండా వెళ్ళడమే తప్పు.

విడుదలయ్యాక ఏం చేయాలో రాసిన కాగితాలకి కూడా లోటు లేదు. 2015లో ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా పేరుతో నియమాలు ఆమోదించింది. విడుదలైనవాడికి గుర్తింపు పత్రాలు, ఉండటానికి చోటు, చేయడానికి పని, కాలానికి తగిన బట్టలు, ఇల్లు చేరడానికీ తొలిరోజులు గడవడానికీ సాయం అందేలా చూడాలని 108వ నియమం చెబుతోంది. మన కేంద్ర హోం శాఖ 2016 నమూనా జైలు మాన్యువల్లో విడుదల తర్వాతి సంరక్షణ మీద ఒక అధ్యాయమే ఉంది. 2023లో నమూనా చట్టం కూడా వచ్చింది. నమూనాలంటే మనకి ప్రాణం. నమూనా గ్రామం, నమూనా పాఠశాల, నమూనా మరుగుదొడ్డి. నమూనాకి ఒక గొప్ప లక్షణముంది: అసలు సరుకు వచ్చేదాకా దాన్ని చూస్తూ కూర్చోవచ్చు. జైళ్ళు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి కాబట్టి కేంద్రం "రాసిచ్చాం" అంటుంది. రాష్ట్రం "చదువుతున్నాం" అంటుంది.

ఈలోగా మనవాడు ఊరి సచివాలయానికి వెళ్తాడు. వేలిముద్ర పడదు. ఇన్నేళ్ళ వడ్రంగంలో వేళ్ళు అరిగాయి. ఆధార్ అప్‌డేట్ చేయించుకురమ్మంటారు. ఆధార్ కేంద్రంలో చిరునామా రుజువు అడుగుతారు. వాడి దగ్గరున్న ఒకే ఒక్క ప్రభుత్వ పత్రం విడుదల కాగితం. దాని మీద ఉన్న చిరునామా జైలుది. రేషన్ కార్డులో పేరు తీసేశారేమోనని అడిగితే "మీరు ఊళ్ళో లేరు కదండీ" అంటారు. నిజమే, లేడు. ప్రభుత్వమే తీసుకెళ్ళింది. తీసుకెళ్ళినట్టు ఒక శాఖకి తెలుసు, ఇంకో శాఖకి తెలియదు.

ఒక్క శాఖ మాత్రం వాడిని మరవలేదు. పోలీసు శాఖ. విడుదలైన వారం తిరగకముందే కబురొస్తుంది. రౌడీషీటు ఉంది కదా, ఆదివారం స్టేషనుకి రావాలి. కౌన్సెలింగ్. మంచిదే. కానీ ఆ కౌన్సెలింగు ఏమిటంటే వరసగా నిలబెట్టి ఫొటో తీసి, "బుద్ధిగా ఉండండ్రా" అని చెప్పి, ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టడం. సోమవారం పనికెళ్తే మేస్త్రీ ఫోన్లో ఆ ఫొటో ముందే ఉంటుంది. ఆదివారం పూట బుద్ధి చెబుతారు, ఆ బుద్ధితో బతకడానికున్న కూలి సోమవారం పోతుంది.

పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం రౌడీషీటు డిసెంబరు ఆఖరుతో ముగియాలి, పొడిగించాలంటే పై అధికారి ఉత్తర్వు కావాలి. ఇది ఏటా జరిగే క్రతువు. జనవరి ఒకటిన ఊరంతా కేకు కోస్తుంది, స్టేషనులో షీటు కొత్త సంవత్సరంలో అడుగుపెడుతుంది. ఇలాంటి షీట్లలో మైనర్ బంధువుల వివరాలు ఎక్కించకూడదని 2024 మేలో ఢిల్లీ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంటే అంతవరకూ తండ్రి పాపం పిల్లల పేరు మీద కూడా రాసుకునే శ్రద్ధ మన రికార్డుల్లో ఉండేదన్నమాట.

ఇక ఉద్యోగం. అటెండరు పోస్టుకి దరఖాస్తు పెడితే "మీపై క్రిమినల్ కేసులున్నాయా? శిక్ష పడిందా?" అనే గడి ఉంటుంది. 'అవును' అని రాస్తే ఉద్యోగం రాదు. 'కాదు' అని రాస్తే దాచినందుకు వచ్చిన ఉద్యోగం పోతుంది. ఆ అటెండరు కుర్చీ పక్కన, గది లోపల ఉండే పెద్ద కుర్చీకి మాత్రం నియమాలు కొంచెం ఉదారం. ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షను ప్రకారం రెండేళ్ళు, ఆపైన శిక్ష పడినవాడు జైలు నుంచి వచ్చాక ఆరేళ్ళు ఆగితే చాలు, మళ్ళీ ఎమ్మెల్యేగా నిలబడొచ్చు. శిక్షే పడకపోతే ఆగనక్కరలేదు. 2024లో లోక్‌సభకి గెలిచిన 543 మందిలో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో తామే రాసిచ్చారు. ఇద్దరు జైల్లో ఉండే గెలిచారు. జైల్లో ఉన్నవాడు పోటీ చేయొచ్చు. అదే చట్టం 62(5) ప్రకారం ఓటు మాత్రం వేయకూడదు. చట్టం చేయడానికి పనికొచ్చే మనిషి చట్టం చేసేవాణ్ణి ఎన్నుకోవడానికి పనికిరాడు. ఫైళ్ళు మోయడానికి అసలే పనికిరాడు. కాబట్టి నా సలహా: జైలు నుంచి వచ్చిన తమ్ముళ్ళూ, చిన్న ఉద్యోగాలకి ప్రయత్నించి సమయం వృథా చేసుకోకండి. ఆరేళ్ళు ఓపిక పట్టి నేరుగా పెద్దదానికే దరఖాస్తు పెట్టండి.

ఇన్ని తలుపులు వేశాక వాడెక్కడికి పోవాలి? ఇక్కడే పల్నాడు మిగతా లోకం కంటే ముందుంది. మన దగ్గర విడుదలైనవాళ్ళ పునరావాస పథకం ఒకటి వందశాతం అమలవుతోంది. దానికి జీవో లేదు, బడ్జెట్ లేదు, ఆధార్ అడగరు, వేలిముద్ర అడగరు. నాయకుడి ఇంటి గేటు.

అక్కడ కుర్చీ వేస్తారు. "ఏరా, తిన్నావా?" అని అడుగుతారు. ఊరు మొత్తంలో ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. జైల్లో ఉన్నప్పుడు ఇంటికి బియ్యం పంపించానంటాడు. నిజంగా పంపించి ఉంటాడు కూడా. పిల్ల పెళ్ళికి ముప్పైవేలు ఇస్తాడు. బండి ఇస్తాడు, పెట్రోలు పోయిస్తాడు. ఏ పని చేతకాకపోయినా ఉద్యోగం ఖాయం: పక్కన నిలబడటమే ఉద్యోగం. జీతం నెలకు కాదు, అవసరానికి. జైలుకెళ్ళొచ్చాడనే మాట బయటి లోకంలో మచ్చ, ఇక్కడ అనుభవ ధ్రువపత్రం. ఎన్నికలు వస్తాయి. ఒక రోజు "వాళ్ళ బూత్ దగ్గర కాస్త చూసుకోరా" అంటారు. చూసుకుంటాడు. కర్ర పట్టిన చెయ్యి మళ్ళీ కర్ర పడుతుంది. కేసు మళ్ళీ వాడి మీద పడుతుంది. నాయకుడు మళ్ళీ గజమాల కింద నడుస్తాడు.

అప్పుడు మనం టీకొట్టు దగ్గర కూర్చుని తలూపుతాం: "చెప్పానా, వాడు మారడని?"

చెప్పాం. ఎందుకు చెప్పలేదు? తొమ్మిది తలుపులు మనమే మూసి, పదో తలుపులోంచి వాడు వెళ్తే "చూశారా, వాడి బుద్ధే అంత" అని నిర్ధారించుకున్నాం. 2024 మేలో పోలింగ్ రోజూ ఆ మర్నాడూ మాచర్ల, గురజాల, నరసరావుపేట టీవీల్లో దేశమంతా తిరిగాయి. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీనే సస్పెండ్ చేసింది, 144 సెక్షను పెట్టారు, ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు. కర్రలెక్కడ దొరికాయి, రాళ్ళెక్కడ దొరికాయి, పెట్రోలు సీసాలెక్కడ దొరికాయి అని వెదికారు. మనుషులెక్కడ దొరుకుతున్నారు అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే మన బట్టీలూ క్వారీలూ కళ్ళాలూ అద్దెగదులూ అన్నీ సాక్షులుగా రావాల్సి ఉంటుంది.

ఇది మనకి కొత్త జబ్బు కాదు. పల్నాటి చరిత్ర మొత్తం ఈ ఒక్క ముక్కమీదే నిలబడింది. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల పాలకుల మధ్య పందెం పడింది. కోడిపందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలన్నది షరతు. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి పక్షం ఓడింది. రాజు మలిదేవుడూ వాళ్ళంతా మాచర్ల వదిలి వెళ్ళారు. షరతు మీద తిరగబడలేదు, అప్పీలు చేయలేదు, బెయిలు అడగలేదు. గడువు పూర్తి చేశారు. పూర్తి చేసి, "మా శిక్ష అయింది, మా చోటు మాకివ్వండి" అని అలరాజును రాయబారం పంపారు. అడిగింది అంతే. గురజాల కొలువు చోటివ్వలేదు. రాయబారికి విషం పెట్టారు. ఆ తర్వాత కారంపూడిలో నాగులేటి పక్కన ఏం జరిగిందో పల్నాటి పసిపిల్లాడు కూడా చెబుతాడు.

కోడి వల్ల యుద్ధం వచ్చిందని చెప్పుకుని నవ్వుకుంటాం. గురజాల మంత్రి నాగమ్మ వల్ల వచ్చిందని పక్షం కట్టి తిట్టుకుంటాం. కోడి ఓడిన రోజున ఒక్క తల తెగలేదు. గడువు తీరి తిరిగొచ్చినవాళ్ళకి గడప దగ్గర కాదన్న రోజు నుంచే తెగడం మొదలైంది. ఓడినప్పుడు కాదు, ఒప్పుకున్న శిక్ష పూర్తి చేశాక కూడా చోటివ్వనప్పుడు వచ్చింది యుద్ధం.

ఏటా కార్తీక అమావాస్యకి కారంపూడిలో ఆ వీరులకి ఉత్సవాలు చేస్తాం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. రాయబారం రోజు అలరాజును తలచుకుని కళ్ళు తుడుచుకుంటాం. బ్రహ్మనాయుడి చాపకూడు పేరుతో కులాలన్నీ ఒక్క చాప మీద కూర్చుని తిన్నాయని గర్వంగా ప్రసంగిస్తాం. ఆ జనంలోనే వెనక వరసలో శిక్ష తీరి వచ్చినవాడు నిలబడి ఉంటాడు. వాడికి చాప చివర చోటుందా అని అడిగే నాథుడుండడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి అలరాజుకి జరిగిన అన్యాయం మీద మనకున్నంత కోపం, నిన్న బస్సు దిగిన అలరాజు విషయంలో ఉండదు. పాతదైతే వీరగాథ, కొత్తదైతే "మనకెందుకులే."

"అంత జాలెందుకు? వాడి చేతిలో చచ్చినవాడి పెళ్ళాం సంగతేంటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఈ ప్రశ్న అడిగే పెద్దమనుషులకి నాదొక చిన్న విన్నపం: ఆమె ఇంటికి మీరు ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళారు? బాధితులకి పరిహారం ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357-ఏ ఉండేది, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 396. ఆమె చేత దరఖాస్తు పెట్టించినవాళ్ళు ఎందరు? ఆమె పేరు మనకి గుర్తొచ్చేది వీడికి పని ఇవ్వకుండా ఉండటానికి సాకు కావలసినప్పుడే. ఆమెకీ ఏమీ ఇవ్వం, వీడికీ ఏమీ ఇవ్వం. రెండు ఇళ్ళనూ ఒకేలా ఆకలికి వదిలేసి దానికి న్యాయం అని పేరు పెడతాం. నాయకుడు మాత్రం తెలివైనవాడు. ఆమె కొడుకు పెద్దయ్యేదాకా చూసి, వాడికీ ఒక కుర్చీ వేస్తాడు, ఎదుటి పక్షంలో.

క్షమాభిక్ష అనేది లేదా అంటే ఉంది. దానికీ దారులు రెండు. ఆగస్టు 15కో, జనవరి 26కో సత్ప్రవర్తన జాబితా కోసం పద్నాలుగేళ్ళు దాటినా ఎదురుచూసే దారి ఒకటి. ఇంకోటి దగ్గర దారి. 2006 అక్టోబరులో ఏపూరు సుధాకర్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ దగ్గర దారి మ్యాపు గీసి చూపించింది. ఇద్దరి హత్యకు సంబంధించిన కేసులో పదేళ్ళ శిక్ష పడిన కర్నూలు జిల్లా నాయకుడికి గవర్నరు పేరుతో శిక్ష తగ్గించారు. చనిపోయినవాళ్ళలో ఒకరి కొడుకు కోర్టుకెళ్ళాడు. ఫైలు తెరిచి చూస్తే అధికారుల నివేదికలో ఆయన 'మంచి కాంగ్రెస్ కార్యకర్త' అని ఉంది. అది చూసి న్యాయమూర్తులు ఆ ఉత్తర్వు కొట్టేశారు. పార్టీ పేరు మారుస్తూ ఉండండి, వాక్యం ఎప్పటికీ పాతబడదు. పనిచేసుకు బతికే కూలోడికి ఇలాంటి నివేదిక ఎవరు రాస్తారు? 'మంచి వడ్రంగి' అని రాస్తే ఏ ఫైలు కదులుతుంది?

ఇక వ్యంగ్యం చాలు. మూసిన తలుపులు తెరిచి చూపించినవాళ్ళు మన మధ్యే బతికారు.

ఇప్పటి మన జిల్లాలోని వినుకొండలో 1895లో పుట్టినవాడు గుర్రం జాషువా. కులం పేరుతో ఊరు తనకి వేసిన వెలిని జీవితాంతం అక్షరంతో ఎదుర్కొన్న కవి. ఆయన కూతురు హేమలతా లవణం. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. నేరస్థ జాతుల చట్టం పేరుతో ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, తెల్ల సర్కారు సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టి కట్టించిన సెటిల్‌మెంటు అది. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. ముద్ర రద్దు కాలేదు. ఆ ఊరి పేరు చెబితే బస్సులో సంచి ఒళ్ళోకి తీసుకునే జనం ఇప్పటికీ ఉన్నారు. సినిమాలు కూడా ఆ పేరు మీద టికెట్లు అమ్ముకున్నాయి. 1970లలో హేమలత, ఆమె భర్త లవణం 'సంస్కార్' సంస్థ పెట్టి ఆ ఇళ్ళలోకే వెళ్ళారు. ఉపదేశం ఇచ్చి వెనక్కి రాలేదు. జైళ్ళకెళ్ళి ఖైదీలతో మాట్లాడారు, బయట కుటుంబాలతో మాట్లాడారు, పిల్లల చదువూ పెద్దల పనీ పట్టించుకున్నారు. దొంగ అని పిలిస్తే దొంగే పలుకుతాడని, పేరు పెట్టి పిలిస్తే మనిషి పలుకుతాడని ఆచరణలో చూపించారు. వెలివేతను లోపలి నుంచి చూసిన ఇంటి బిడ్డ కాబట్టి ఆమెకి వెలి తీయడం ఎలాగో తెలిసింది. నేరానికి పుట్టుకనీ కులాన్నీ ముడిపెట్టే రాతలు మన జైలు మాన్యువళ్ళలో ఇంకా ఉన్నాయని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తేల్చి కొట్టేయాల్సి వచ్చిందంటే, ఆమె మొదలుపెట్టిన పని ఎంత మిగిలిందో చూడండి.

ఇంగ్లండు 1974లోనే ఒక చట్టం చేసుకుంది. శిక్ష తర్వాత నిర్ణీత కాలం తప్పు లేకుండా బతికితే చాలా రకాల పాత శిక్షలు కాలం చెల్లినవే, ఉద్యోగానికెళ్ళినప్పుడు చెప్పనక్కరలేదు. మన దగ్గర బాల నేరస్థుల విషయంలో ఇలాంటి రక్షణ ఉంది. పెద్దవాళ్ళకి లేదు. అది రావాలి. కానీ పార్లమెంటు దాకా ఆగనక్కరలేని పనులు నరసరావుపేట కలెక్టరేటులోనే చాలా ఉన్నాయి. జైలు నుంచి బయటికొచ్చే రోజుకే ఆధార్, రేషన్, బ్యాంకు కాగితాలు చేతిలో ఉండేలా జైళ్ళ శాఖా సచివాలయాలూ కలిసి చూడొచ్చు. జైల్లో నేర్చిన పనికి జైలు పేరు లేని ధ్రువపత్రం ఇవ్వొచ్చు. పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం పెట్టిన పథకంలో జరిమానాకీ బెయిలుకీ డబ్బు ఇచ్చే వీలుంది. దాన్ని సబ్ జైళ్ళలో ప్రతి ఖైదీకీ చదివి వినిపించొచ్చు. ఇదివరకు ఏ నేరానికీ శిక్ష పడని, ఇతర కేసులు లేని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిపితే, మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులు కాకపోతే, బాండు మీద విడిచిపెట్టాలని నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను చెబుతోంది. ఆ లెక్క ప్రతి నెలా చూడొచ్చు. ఏళ్ళుగా ఏ కేసూ లేనివాడి రౌడీషీటును ఈ డిసెంబరులో ముగించొచ్చు. ఆదివారం ఫొటోలు మానేయొచ్చు. కాంట్రాక్టు పనుల్లో పదిమంది కూలీల్లో ఒకడిగా జైలు నుంచి వచ్చినవాణ్ణి తీసుకోమని సిమెంటు ఫ్యాక్టరీలనీ క్వారీలనీ అడగొచ్చు. అలాగే ఎదుటి ఇంటి విధవరాలికి రావలసిన పరిహారం ఎక్కడ ఆగిందో వెదకొచ్చు. వీటిలో దేనికీ గజమాల అక్కరలేదు.

మిగిలింది మనం. శిక్ష ఎంతో చెప్పే అధికారం కోర్టుది. కోర్టు చెప్పిన ఏడేళ్ళ మీద ఇంకో ముప్పై ఏళ్ళు తగిలించే అధికారం రచ్చబండకి ఏ రాజ్యాంగమూ ఇవ్వలేదు. జైలు నుంచి వచ్చినవాడు మీ దగ్గరికొచ్చి పని అడిగితే, పని ఉంటే ఇవ్వండి, గది ఉంటే ఇవ్వండి, లేదా కనీసం "తిన్నావా?" అని అడగండి. మీరు అడగకపోతే అడిగేవాడెవడో, అడిగి తర్వాత ఏం చేయమంటాడో, పల్నాట ప్రతి ఇంటికీ తెలుసు.